చేపల చెరువులోనూ నీరే ఉంది కదా: కొల్లేరు ప్రాజెక్టు సందేహానికి సమాధానం

కొల్లేరులో చేపల చెరువులు తవ్వినా నీరు నీరుగానే ఉన్నప్పుడు, జీవావరణ వ్యవస్థ దెబ్బతిన్నదని 12వ తరగతి ప్రాజెక్టులో ఎలా చూపించాలని మీరు అడిగారు. మీరు నీటి విస్తీర్ణాన్ని కొలుస్తున్నారు. కొలవవలసింది నీటి కదలికను.

బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు తెచ్చే వరద, కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ పల్లంలో పరచుకొని, నిదానించి, తాను మోసుకొచ్చిన ఒండ్రును దించి, ఆ తరువాతే ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. చెరువు గట్లు ఆ దారిని ముక్కలు చేసినందువల్ల వానాకాలంలో నీరు ఎగువ పొలాల మీదికి ఎగదన్నుతుంది. వేసవిలో సరస్సు నుంచి మంచినీటి ప్రవాహం తగ్గడంతో ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు లోపలికి చొచ్చుకువస్తుంది. పైగా బొచ్చె, శీలావతి చేపలను పెంచడానికి వేసే ఎరువులు, మేత చెరువు నీటితోపాటు బయటికి వెళ్లి గుర్రపుడెక్క అనే నీటి కలుపుకు బలమిస్తాయి.

1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తును సూచించే గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సార్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా), 2006లో గట్ల కూల్చివేత కాలరేఖలో చాలు.

ఆర్థిక విభాగంలో మాత్రం "మత్స్యకారులు" అని ఒకే మాటతో సరిపెట్టకండి. వల, మావులతో (చేపలు పట్టే వెదురు బుట్టలతో) బతికే వడ్డి కులపు మత్స్యకార కుటుంబం, పెట్టుబడి పెట్టి చెరువును లీజుకు తీసుకున్న వ్యాపారి ఒకే వర్గం కారు. సరస్సు మారినప్పుడు ఎవరి ఆదాయం పెరిగిందో, ఎవరిది పోయిందో విడివిడిగా రాయండి.