పాత జపనీస్ ప్రేమ కామిక్స్‌లో నాయికలకు మగవేషం ఎందుకు?

పాత షోజో మాంగాలలో, అంటే అమ్మాయిల కోసం గీసిన జపనీస్ కామిక్స్‌లో, నాయికలు అంత తరచుగా మగవేషం ఎందుకు వేస్తారని, అది పాఠకులను ఏమార్చే చిట్కాయేనా అని అడిగారు. ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో జపనీస్ నేర్చుకునే సాకుతో ఈ కథలను చాలానే చదివాను కాబట్టి, నాకు అర్థమైనంతలో చెబుతాను.

పాఠకులను ఏమార్చడం వీటి ఉద్దేశం కాదు. నిజం మనకు మొదటినుంచీ తెలుసు. తెలియనిది తోటి పాత్రలకే. 1953లో మాంగా రచయిత ఒసాము తెజుకా మొదలుపెట్టిన ‘రిబ్బన్ నో కిషి’లో, సింహాసనం ఆడపిల్లకు దక్కదు కాబట్టి రాకుమారి సఫైర్‌ను రాకుమారుడిగా పెంచుతారు. ఆమె లేత పసుపు సవరం పెట్టుకుని, గౌను తొడుక్కుని ఉత్సవానికి వెళ్లినప్పుడు పొరుగు రాకుమారుడు ఫ్రాంజ్ ఆ ముక్కూమొహం తెలియని యువతిని ప్రేమిస్తాడు గానీ, రాకుమారుడైన సఫైర్‌ను మాత్రం ద్వేషిస్తాడు. తన అసలు రూపంలో కనబడడానికి కూడా ఆమె మారువేషమే వేయవలసి వచ్చిందన్నమాట. నన్ను ఈ కథలకు కట్టిపడేసింది ఆ చిక్కుముడే.

రియోకో ఇకెడా ‘ఓర్ఫెయుస్ నో మాడో’ (1975–1981) దీన్ని విషాదం దాకా తీసుకుపోతుంది. ఆస్తి దక్కాలని తల్లి మగపిల్లాడిగా పెంచిన యూలియుస్, జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ సంగీత పాఠశాలలో అబ్బాయిల మధ్య చదువుతూ వారిలో ఒకరిని ప్రేమిస్తుంది. మనసులో మాట చెబితే వారసత్వం పోతుంది, చెప్పకపోతే ప్రేమ పోతుంది. అదే రచయిత్రి ‘వెర్సాయ్ నో బారా’లోని ఆస్కార్‌ను కూడా చాలామంది ఈ జాబితాలో చేరుస్తారు గానీ, నేను ఒప్పుకోను. తండ్రి ఆమెను కొడుకులా పెంచి సైన్యంలో పెట్టినా, ఆమె స్త్రీ అని ఫ్రాన్స్ రాజసభ అంతటికీ తెలుసు. అది వేషం కాదు, ఆమె ఎంచుకున్న బతుకు.

తెజుకా పెరిగిన తకరజుకా పట్టణంలో 1914 నుంచి ఆడవారే మగపాత్రలు కూడా ధరించే నాటక సంస్థ ఉంది. ఆ ప్రభావం సఫైర్‌పై స్పష్టంగా కనబడుతుంది. మగవారై ఉండి స్థానం నరసింహారావు గారు వేసిన సత్యభామను తలచుకునే మనకు ఇది తిరగేసిన అద్దంలా తోస్తుంది.

ఇక భాష సంగతి. జపనీస్ క్రియలో లింగభేదం ఉండదు; అబ్బాయిలు తరచుగా వాడే ‘బొకు’ అనే ‘నేను’తోనే సగం వేషం పూర్తవుతుంది. మన ‘నేను’కు ఆ సౌకర్యం లేదు, పైగా ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనగానే గుట్టు రట్టవుతుంది. మా అక్క కూతురికి సఫైర్ కథ చెబుతూ ‘గుర్రమెక్కి వచ్చాడు’ అంటే, ‘అమ్మాయి అన్నావు కదా మావయ్యా’ అని పట్టుకుంది. చివరకు ‘యువరాజుగారు వచ్చారు’ అని గౌరవవాచకం చాటున దాక్కున్నాను. కొలువులో జరిగే ఘట్టాలకు అది చక్కగా సరిపోయింది. తలుపు మూసుకుని ఒంటరిగా గౌను చేతిలోకి తీసుకునే ఘట్టం వచ్చేసరికి మాత్రం నా నోట ‘ఏడ్చింది’ అనే వచ్చింది, ఆ పిల్ల ఈసారి నన్ను సరిదిద్దలేదు.