పెద్ద రైల్వే స్టేషన్‌ను పునర్నిర్మించేటప్పుడు చుట్టుపక్కల ప్రాంతాన్ని కూడా ఎందుకు మారుస్తారు?

ముఖ్య కారణం భూమి. పాత స్టేషన్ల వెనుక సరుకు రవాణా కోసం కట్టిన యార్డులు, గోదాములు ఉంటాయి. సరుకు లారీలకు మళ్లాక అవి నగరం నడిబొడ్డున పాడుబడిపోతాయి. ఆ స్థలాన్ని అభివృద్ధి చేస్తే ఖర్చులో కొంత తిరిగి వస్తుంది, పట్టాలు విడదీసిన వీధులూ మళ్లీ కలుస్తాయి.

లండన్‌లోని కింగ్స్ క్రాస్‌నే చూడండి. 1852లో ప్రారంభమైన ఆ స్టేషన్ వెనుక సుమారు 67 ఎకరాలు ఇలాగే పడి ఉండేవి. 2007లో పారిస్ వైపు నడిచే యూరోస్టార్ రైళ్లు పక్కనున్న సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు రావడంతో పనులు ఊపందుకున్నాయి. 2012లో స్టేషన్ పడమటి వైపు కొత్త హాలు తెరిచారు. అందులో ఉక్కు కమ్మీలు గరాటులా ఒకచోట పైకి లేచి, విసనకర్రలా విచ్చుకుని కప్పును మోస్తాయి. స్టేషన్ ముందు భాగంలోని 1970ల నాటి హాలును తొలగించి, 2013లో అక్కడ బహిరంగ కూడలి ఏర్పాటు చేశారు.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఒకప్పుడు ధాన్యం నిల్వ చేసిన గిడ్డంగిలోకి 2011లోనే సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాలను తీసుకొచ్చారు. బొగ్గు దించే పాత షెడ్లలో దుకాణాలు వచ్చింది 2018లో. అంటే ముందు విద్యార్థులతో ఆ చోటుకు ప్రాణం పోశారు, వ్యాపారం తర్వాత వచ్చింది. పాత గ్యాస్ ట్యాంకుల ఇనుప చట్రాలను కూడా పారేయకుండా, వాటి లోపల ఫ్లాట్లు కట్టారు.

ఇలాంటి చోట్ల భూమి విలువతోపాటు అద్దెలూ పెరుగుతాయి. పాతవారు నిలదొక్కుకోవాలంటే, అందుబాటు ధరల ఇళ్లు ఎన్ని ఉండాలో అనుమతి ఇచ్చేటప్పుడే ఒప్పందంలో రాయించాలి.