సానియా ఉన్నా మన జట్టు పై మెట్టు ఎందుకు ఎక్కలేదు?

మహిళల టెన్నిస్‌లో దేశాల జట్లు తలపడే బిల్లీ జీన్ కింగ్ కప్‌లో (2020 వరకు ఫెడ్ కప్) గ్రూప్‌లో గెలిచినంత మాత్రాన పై స్థాయికి నేరుగా వెళ్లిపోరు, పై స్థాయిలో చోటు కోసం మరో పోరు, అంటే ప్లే-ఆఫ్ ఆడాల్సిందే. 2020 మార్చి, దుబాయ్: ఆసియా/ఓషియానియా గ్రూప్-1లో ఆరు జట్లు, మొదటి రెండింటికే ప్లే-ఆఫ్ ఛాన్స్. ఇండొనేషియాతో పోరులో సింగిల్స్ ఆడిన మన రుతుజా ఓడింది, అంకిత గెలిచింది. 1-1. చివరి డబుల్స్‌లో మన హైదరాబాదీ సానియా, అంకితతో కలిసి గెలిపించింది. అసలు టెన్షన్ అక్కడే! అలా ఇండియాకు తొలిసారి ప్లే-ఆఫ్ దక్కింది. కానీ 2021 ఏప్రిల్‌లో లాత్వియా వాళ్ల సొంత గడ్డపై 3-1తో ఓడి మళ్లీ గ్రూప్-1కే వచ్చేశాం. ఆ ప్లే-ఆఫ్‌లో నాలుగు సింగిల్స్, ఒక్కటే డబుల్స్. అప్పట్లో మన బలమేమో డబుల్స్‌లో. ఇక గ్రూప్‌లో అట్టడుగున నిలిస్తే? కింది గ్రూప్‌కి దిగాల్సి వస్తుంది.