పెప్టైడ్ తనంతట తానే అతుక్కోగలిగితే టపాసిన్‌తో పనేమిటి?

కణంలోని ప్రోటీన్ల చిన్న ముక్కలను, అంటే పెప్టైడ్లను, కణం ఉపరితలం మీద రోగనిరోధక కణాలకు చూపించేది ఎంహెచ్‌సీ-1 అణువు. ఆ అణువూ పెప్టైడూ కణంలో ప్రోటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఒకేచోట ఉన్నప్పుడు వాటంతట అవే కలవవా, మధ్యలో టపాసిన్ లాంటి షాపరోన్ ప్రోటీన్లు (ఇతర ప్రోటీన్లు సరైన రూపం పొందడానికి తోడ్పడేవి) ఎందుకని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా తొలి ఏడాది నాకూ ఇదే సందేహం ఉండేది. అది ఇంక్యుబేటర్ దగ్గర తీరింది.

అప్పట్లో నేను ఆర్‌ఎంఏ-ఎస్ అనే ఎలుక కణాలతో పనిచేసేవాణ్ణి. పెప్టైడ్లను సైటోసాల్ (కణద్రవం) నుంచి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం లోపలికి చేరవేసే ట్యాప్ అనే రవాణా ప్రోటీన్ వాటిలో పనిచేయదు. 37 డిగ్రీల దగ్గర పెంచితే కణాల ఉపరితలం మీద ఎంహెచ్‌సీ-1 చాలా తక్కువగా కనిపించేది, రాత్రంతా 26 డిగ్రీల దగ్గర ఉంచితే పెరిగేది, మళ్ళీ 37కు మారిస్తే కొన్ని గంటల్లోనే పడిపోయేది. తగిన పెప్టైడ్‌ను ముందే కలిపి ఉంచినప్పుడు మాత్రం నిలిచేది. మొదటిసారి ట్యూబులు తారుమారు చేశాననుకుని ప్రయోగమంతా మళ్ళీ చేశాను. పెప్టైడ్ ఇమిడే గాడి ఖాళీగా ఉన్న అణువు శరీర ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువసేపు నిలవలేదన్నది అప్పుడు అర్థమైంది.

కణంలో ఆ ఖాళీ దశను కాపాడేది షాపరోన్లే. వాటిలో కాల్నెక్సిన్ అనేది ఎంహెచ్‌సీ-1లోని పెద్ద భాగమైన భారీ గొలుసు ముడుచుకోవడానికి తోడ్పడుతుంది. చిన్న భాగమైన బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ చేరాక కాల్‌రెటిక్యులిన్, ఈఆర్‌పీ57 అనే మరో రెండు తోడు ప్రోటీన్లు వచ్చి కలుస్తాయి. అసలు విషయం టపాసిన్‌ది. అది ఒకవైపు ట్యాప్‌నూ మరోవైపు ఎంహెచ్‌సీ-1నూ పట్టుకుని, గాడిని కొంత తెరిచి ఉంచుతుంది. దానివల్ల సరిగా ఇమడని పెప్టైడ్ త్వరగా జారిపోతుంది, సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవుండి గట్టిగా ఇమిడేది మాత్రం గాడిని మూసుకునేలా చేసి టపాసిన్‌ను వదిలించుకుంటుంది. టపాసిన్‌ను పెప్టైడ్ అందించేదిగా చెప్పడం నాకు అంతగా నచ్చదు; అది చేసేది వడపోత.

ఎంహెచ్‌సీ-1లోని అన్ని రకాలకూ టపాసిన్ అవసరం సమానం కాదు. మనుషుల ఎంహెచ్‌సీ-1 రకాలైన హెచ్‌ఎల్‌ఏ-బీ*44:02, బీ*44:05 అణువుల మధ్య తేడా 116వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లమే: మొదటిదానిలో ఆస్పార్టిక్ ఆమ్లం, రెండోదానిలో టైరోసిన్. ఆ స్థానం పెప్టైడ్ చివరి కొన ఇమిడే గుంట అడుగున ఉంటుంది. టపాసిన్ లేని 721.220 అనే మానవ కణాలలో 44:05 బాగానే ఉపరితలానికి చేరుతుంది, 44:02 చాలావరకు లోపలే నిలిచిపోతుంది.

ప్రధానంగా బయటి నుంచి వచ్చిన ప్రోటీన్ల ముక్కలను చూపించే ఎంహెచ్‌సీ-2 విషయంలో, గాడిలో తాత్కాలికంగా ఉండే క్లిప్ అనే ముక్కను తొలగించి ఇలాంటి వడపోత జరిపేది హెచ్‌ఎల్‌ఏ-డీఎం అనే ప్రోటీన్. అయితే అది ఎండోసోములనే కణంలోని చిన్న సంచుల ఆమ్ల వాతావరణంలో పనిచేస్తుంది.