ఆఫీసుకూ రేస్ ట్రాక్‌కూ ఒకే కారు: భద్రతా పరికరాలు బిగిస్తే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పదకొండేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్‌లో రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్తాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు అదే కారులో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లి ట్రాక్ డేల్లో (పోటీ లేకుండా సొంత కారును ట్రాక్ మీద నడిపే కార్యక్రమాల్లో) పాల్గొంటాను. పోయినసారి నా కళ్ల ముందే ఒక కారు పల్టీ కొట్టింది. అప్పటి నుంచి నా కారుకు రోల్ బార్ (కారు పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా ఆపే ఉక్కు గొట్టం), బకెట్ సీటు (ఒంటిని పక్కలకు జారకుండా పట్టి ఉంచే రేసింగ్ సీటు), నాలుగు పట్టీల హార్నెస్ (భుజాలనూ నడుమునూ సీటుకు కట్టిపడేసే బెల్టు), అగ్నిమాపక సిలిండర్ పెట్టించాలనుకుంటున్నాను. ఇవన్నీ భద్రత కోసమే కదా, చట్టానికి అభ్యంతరం ఉంటుందా? ఇన్సూరెన్స్ పోతుందా?

జవాబు: ప్రాణం మీద జాగ్రత్తతో రాశారు, సంతోషం. అయితే చట్టం మీ ఉద్దేశం ఎంత మంచిదో చూడదు, కారులో ఏం మారిందో చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఏది మార్పు అన్నదానికి ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది: వాహన నిర్మాణాన్ని మార్చడం వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు. కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అంటే సీటుకు వేరే లెక్క, రోల్ బార్‌కు వేరే లెక్క.

ఒకసారి మీ ఆర్‌సీ కార్డు చేతిలోకి తీసుకోండి. సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు, బాడీ రకం అందులో కనిపిస్తాయి. మీరు పెట్టించాలనుకుంటున్న ప్రతి వస్తువునూ ఆ గడుల పక్కన పెట్టి చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అగ్నిమాపక సిలిండర్‌కు ఏ అనుమతీ అక్కరలేదు, ఈ రోజే పెట్టుకోండి. డిక్కీలో వదులుగా మాత్రం పడేయకండి. గట్టిగా బ్రేకు వేస్తే అదే ఎగిరొచ్చి తలకు తగులుతుంది. ఇనుప క్లాంపుతో, బోల్టుతో బిగించండి. మంచి బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్, కంపెనీ చెప్పిన సైజులోనే మెరుగైన టైర్లు, హెల్మెట్, వీటికీ అభ్యంతరం లేదు. ట్రాక్ మీద మీకు అన్నిటికన్నా ముందు కావలసినవి కూడా ఇవేనని నా అభిప్రాయం.

హార్నెస్ దగ్గర కాస్త ఆగాలి. కారుతో వచ్చిన మూడు పాయింట్ల సీటు బెల్టు, దాన్ని పట్టి ఉంచే బిగింపులు భారతీయ ప్రమాణాల ప్రకారం పరీక్షించి ఆమోదించినవి. దాన్ని తీసేసి హార్నెస్ మాత్రమే ఉంచితే, రోడ్డు మీద మీరు బెల్టు పెట్టుకోనట్టే లెక్క. సెక్షన్ 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. అసలు బెల్టును అలాగే ఉంచి, నేలకు కొత్త రంధ్రాలు వేయకుండా బోల్టుతో బిగించి, ట్రాక్ మీద మాత్రమే వాడి ఇంటికొచ్చాక తీసేసే హార్నెస్‌ను నిర్మాణంలో మార్పు అనడం కష్టం. ఆ వాదనకు కోర్టులో బలం ఉంటుంది. హార్నెస్ వేసుకున్నప్పుడు మోగే బెల్టు అలారాన్ని ఆపడానికి కొందరు బకిల్‌లో చిన్న క్లిప్పు పెడతారు. అలాంటి క్లిప్పుల అమ్మకాన్ని ఆపేయాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులను ఆదేశించింది. ఆ క్లిప్పు మీ కారులో కనపడకూడదు.

ఇంకో మాట, ఇది చట్టం కాదు, మీ ఒంటికి సంబంధించినది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేని నాలుగు పట్టీల హార్నెస్‌లో, గుద్దుకున్నప్పుడు నడుం పట్టీ పైకి జారి కడుపు మీద పడుతుంది. కాబట్టి ఆరు పట్టీలది, ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) ముద్ర ఉన్నది తీసుకోండి. లేబుల్ మీద కుట్టిన గడువు సంవత్సరం చూడండి.

బకెట్ సీటు విషయంలో అడగవలసినది ఒక్కటే: మీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందా? ఉంటే ఎయిర్‌బ్యాగ్ ఆ సీటులోనే ఉన్నట్టు, దాన్ని ముట్టుకోవద్దు.

ఇక రోల్ బార్. మీ మనసంతా దీని మీదే ఉందని అర్థమైంది. ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకున్నవాడికి ఆ ఉక్కు గొట్టం ప్రాణదాత. అదే గొట్టం, హెల్మెట్ లేకుండా ఆఫీసుకు వెళ్లేవాడి తలకు జానెడు దూరంలో ఉంటుంది. సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఒక ఆటో గుద్దితే చాలు. వెనక సీట్లో అమ్మో, పాపో కూర్చుంటే వాళ్ల ముఖాలకు ఎదురుగా ఉండేదీ ఆ గొట్టమే. అందుకే చాలామంది వెనక సీటు తీసేస్తారు. ఆ క్షణంలో ఆర్‌సీలో అయిదు సీట్లు, బండిలో రెండు సీట్లు. బరువూ మారింది. నేలకు వెల్డింగ్ చేస్తే నిర్మాణమూ మారింది. ఇది సెక్షన్ 52 పరిధిలోకి నేరుగా వస్తుంది. బోల్టులతో బిగించేదైనా సరే, ముందుగా ఆర్‌టీఓకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టకుండా పని మొదలుపెట్టవద్దు. అనుమతి దొరకడం తేలిక కాదు. ఇంకో నాలుగేళ్లకు, పదిహేనేళ్లు నిండాక, రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. అప్పుడు ఇదంతా బయట పడుతుంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు చివర్లో అడిగారు, నేనైతే మొదట అడిగేవాణ్ని. పాలసీ తీసి, వాహన వినియోగంపై పరిమితులు రాసిన చోట చూడండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వర్తించవని ఉంటుంది. ట్రాక్ డే పోటీ కాదు కాబట్టి రేసింగ్ కాదని వాదించవచ్చు. కానీ మీ ల్యాప్ టైం (ట్రాక్ ఒక చుట్టుకు పట్టిన సమయం) నమోదైన కాగితాన్ని చూపించి అది స్పీడ్ టెస్టింగ్ అని కంపెనీ అంటుంది. మూడో వ్యక్తికి నష్టం కలిగిన కేసులో కూడా ఇలా తప్పించుకునే వీలు సెక్షన్ 150 కంపెనీకి ఇచ్చింది. కాబట్టి ట్రాక్ గేటు దాటాక మీ కారుకు బీమా లేదనే అనుకోండి. అదనపు ప్రీమియంతో ర్యాలీలకు వర్తించే ఐఎంటీ 31 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా జోడించే నిబంధన) ఒకటి ఉంది, అందులోనూ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ బయటే ఉంటాయి. మీ టర్మ్ పాలసీ, వ్యక్తిగత ప్రమాద పాలసీల్లోని మినహాయింపులూ ఒకసారి చదవండి.

గచ్చిబౌలి రోడ్డు మీద ప్రమాదం జరిగితే పరిస్థితి వేరు. అక్కడ పాలసీ పనిచేస్తుంది. మార్పుకూ ప్రమాదానికీ సంబంధం లేదని చూపగలిగితే, మార్పు సాకుతో క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టడం కంపెనీకి తేలిక కాదు. షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్‌ను పూర్తిగా తోసిపుచ్చకూడదని నితిన్ ఖండేల్వాల్ (2008), అమలేందు సాహూ (2010) కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. అమలేందు సాహూ కేసులో రెండున్నర లక్షల రూపాయలు ఇప్పించింది. కానీ రెన్యువల్ సమయంలో మార్పు గురించి చెప్పకుండా దాస్తే, ముఖ్యమైన విషయం దాచారన్న అభ్యంతరం కంపెనీ చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది. ఈమెయిల్‌లో తెలపండి, వచ్చిన జవాబును భద్రపరచండి.

పూర్తి కేజ్ (కారు లోపలంతా చుట్టే ఉక్కు గొట్టాల చట్రం) కావాలన్న కోరిక బలంగా ఉంటే, పాత కారు ఇంకొకటి కొని ట్రాక్‌కే కేటాయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న సెక్షన్ 39 నియమంలో బహిరంగ ప్రదేశంతో పాటు ‘మరే ఇతర ప్రదేశమైనా’ అన్న మాటలూ ఉన్నాయి, అది గుర్తుంచుకోండి. అయినా ఆ కారు ఆర్‌సీని రద్దు చేయించి, చెన్నైకి ట్రక్కు మీద ఎక్కించి పంపితే, రోడ్డు మీద దాని చక్రం తిరగనంత వరకు మీకు చిక్కు వచ్చే అవకాశం తక్కువ. మీ ఆఫీసు కారు మీద ఇంకా లోను ఉంటే, ఏ చిన్న బిగింపుకైనా ముందు బ్యాంకు ఒప్పందంలో మార్పుల గురించి ఏం రాసి ఉందో చూడండి. తర్వాతి ట్రాక్ డేకి వెళ్లినప్పుడు నిర్వాహకులు సంతకం చేయించుకునే హామీ పత్రం నకలు అడిగి తెచ్చుకోండి. అది చదివాక సందేహం వస్తే మళ్లీ రాయండి.