అమ్మ కాలి పుండుకు తేనె రాయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. చెప్పు ఒరుసుకుని కాలి బొటనవేలి కింద పుండు పడి మూడు వారాలైంది. నొప్పేమీ లేదంటోంది. రోజూ ఇంట్లో ఉన్న తేనె రాసి గుడ్డ కడుతోంది. తేనెతో షుగర్ పెరుగుతుందేమోనని నాకు టెన్షన్. అన్నయ్య ప్రొపోలిస్ ఆయింట్‌మెంట్ తెచ్చాడు. అది రాయమంటారా?

జవాబు: మీరు షుగర్ గురించి అడిగారు గానీ, నన్ను భయపెట్టింది ‘నొప్పేమీ లేదంటోంది’ అన్న మాట. షుగర్ వల్ల పాదంలో నరాలు మొద్దుబారితే, పుండు లోపలికి తొలుచుకుపోతున్నా తెలియదు. పైకి గోరంత కనిపించిన పుండులో శుభ్రం చేస్తుంటే ఎముక తగలడం డ్రెస్సింగ్ గదిలో నా కళ్లతో చూశాను. అమ్మను ఈ రోజే సర్జన్‌కు చూపించండి. పాదానికి రక్తం సరిగా అందుతోందా, స్పర్శ ఉందా అని చూస్తారు. ఆ వేలి మీద బరువు పడకుండా చెప్పు మార్పిస్తారు. బరువు పడుతున్నంత కాలం ఏం రాసినా పుండు మానదు.

అమ్మ నమ్మకాన్ని మాత్రం తీసిపారేయకండి. కాలిన గాయాలకు నేనూ తేనె డ్రెస్సింగులు వేశాను. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. అందుకే గాయంలోని నీటిని లాగేసి సూక్ష్మజీవులను పెరగనివ్వదు. గాయం రసంతో పలచబడ్డాక అందులోని ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. మరీ లోతుగా లేని కాలిన గాయాలు తేనెతో నాలుగైదు రోజులు ముందే మానుతున్నాయని 2015లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసేది) చెప్పింది. షుగర్ పుండ్లకు మాత్రం అంత గట్టి ఆధారం దొరకలేదు.

పైగా మేం వాడేది వంటింటి సీసాలోని తేనె కాదు. మామూలు తేనెలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా బీజాలు నిద్రాణంగా ఉండవచ్చు. వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. ఇంట్లో మరిగిస్తే సరిపోదా అంటారేమో, వేడికి ఆ ఎంజైమే పాడైపోతుంది. కాబట్టి ఇంటి తేనె రాయడం ఆపేయమనండి. ప్రొపోలిస్ కూడా వద్దు. అది తేనెటీగలు చెట్ల బంకతో చేసే జిగురు, కొందరికి చర్మంపై అలర్జీ తెస్తుంది.

ఇక షుగర్ సంగతి. అంత చిన్న పుండు నుంచి రక్తంలో కలిసే తేనె బహు తక్కువ. పుండులో ఇన్ఫెక్షన్ చేరితే మాత్రం షుగర్ బాగా పెరుగుతుంది. ఉన్నట్టుండి రీడింగ్ ఎక్కువ వచ్చినా, జ్వరం, దుర్వాసన, పాదం మీదికి పాకే ఎరుపు, వేలు నల్లబడటం వంటివి కనిపించినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.