తోళ్ల నీళ్ల పనికి మా అమ్మాయా?

రాజాం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. తోళ్ల ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి మీద ఎంటెక్ చేస్తానంటోంది. అది మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. బంధువులకు ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు."

మీ అసలు టెన్షన్ ఆ చివరి వాక్యంలోనే ఉంది. బంధువులు ఫీజు కట్టరు, ఉద్యోగమూ చేయరు. పెళ్లిలో ఎవరో ముఖం చిట్లిస్తారని పిల్ల చదువు మార్చేస్తారా?

డేటా సైన్స్ చెడ్డదని అనను. లెక్కల మీద ఇష్టం ఉండి, గంటల తరబడి ప్రోగ్రామింగ్ చేసినా విసుగు రానివాళ్లు అందులో బాగుపడతారు. నా దగ్గరికి మాత్రం అమీర్‌పేటలో కోర్సు ముగించి, సర్టిఫికెట్ పట్టుకుని, ఇంటర్వ్యూలో మామూలు సగటు లెక్క దగ్గరే ఆగిపోయినవాళ్లు చాలామంది వస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది తండ్రి మాట కాదనలేక చేరినవాళ్లే. ఆ వరసలోకి మీ అమ్మాయిని నెట్టకండి.

ఇక ఆమె ఎంచుకున్న పని. కిలో పచ్చితోలు శుద్ధికి 30, 40 లీటర్ల నీళ్లు పోతాయి. అందులో ఉప్పు, సున్నం, సల్ఫైడ్, తోలు పీల్చుకోకుండా మిగిలిన క్రోమియం ఉంటాయి. క్రోమియం నీళ్లను విడిగా పట్టి తిరిగి వాడుకోవచ్చు. ఉప్పును మాత్రం ఆర్వో, నీళ్లను ఆవిరి చేసే యంత్రాలు పెట్టి తీయాల్సిందే, ఖర్చు ఎక్కువగా అక్కడే. తమిళనాడు తోళ్ల ఫ్యాక్టరీల కాలుష్యంపై సుప్రీంకోర్టు 1996లోనే గట్టి తీర్పు ఇచ్చింది. శుద్ధి చేయకుండా ఫ్యాక్టరీ నడపడం ఇక కుదరదు కాబట్టి ఈ పని తెలిసినవాళ్ల అవసరం పోదు. మన దగ్గర తోళ్ల ఫ్యాక్టరీలు ఏవంటారా? పైడిభీమవరం మందుల కంపెనీల ఈటీపీల్లోనూ (మురుగునీటి శుద్ధి ప్లాంట్లు) ఉప్పునీళ్లు, ఆర్వో, ఆవిరి యంత్రాలే. నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది.

మొదట్లో జీతం తక్కువే. వాసన, షిఫ్టులు తప్పవు. సల్ఫైడ్ నీళ్లలో యాసిడ్ నీళ్లు కలిస్తే ప్రాణాంతకమైన గ్యాస్ పుడుతుంది. అందుకే ఉద్యోగంలో చేరేముందు గ్యాస్ డిటెక్టర్లు ఉన్నాయా, ట్యాంకుల్లోకి ఎవరిని, ఎలా దింపుతారు అని అడగాలి. తండ్రిగా మీరు భయపడాల్సింది దీనికి.

ఈ సెలవుల్లో ఆమె ఏదైనా ఈటీపీలో నెల రోజులు ట్రైనింగ్ చేయనివ్వండి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐలో ప్రాజెక్టుకు వీలుంటుందేమో తననే అడగమనండి. ఆ వాసన చూశాక కూడా ఇదే కావాలంటే ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష పుస్తకాలు కొనిపెట్టండి.